జర్మనీ పోయే ముందు ఈ మాట విను బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, పిల్లను నర్సు పనికి జర్మనీ పంపిస్తారట, ట్రైనింగ్‌కు మూడు లక్షలు కట్టమంటున్నరు, ఎకరం అమ్ముదామా?" అని అడిగింది. అమ్మొద్దన్నాను. ఎందుకన్నానో నీకే రాస్తున్నా, పోయేది నువ్వు, సంతకం పెట్టేదీ నువ్వే కాబట్టి.

పోవద్దని నేననను. అక్కడ ముసలివాళ్లు పెరిగారు, నర్సింగ్‌లోకి వచ్చే పిల్లలు చాలడం లేదు. అందుకే 2020 మార్చి నుంచి బయటి దేశాల పనిమంతుల కోసం కొత్త చట్టమే అమల్లో పెట్టుకున్నారు, 2024లో మనవాళ్లకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామన్నారు. జపాన్ కూడా 2019 నుంచి ఇట్లాంటి దారే తెరిచింది. అంటే అవసరం వాళ్లది. అవసరం వాళ్లదైతే నిన్ను తయారు చేసే ఖర్చు మీ ఎకరం మీద ఎందుకు పడాలి?

ఈ ప్రశ్న నా వయసులో నేను అడగలేదు. సౌదీ పోయేటప్పుడు మీ తాత పొలం కుదువ పెట్టి ఏజెంట్‌కు కట్టాడు. ఐసీయూ డ్యూటీ అన్నారు. దిగాక చూస్తే ఊరవతల చిన్న క్లినిక్, జీతం చెప్పిన దాంట్లో సగం. రెండేళ్లు నేను పంపిన పైసలన్నీ మిత్తికే పోయాయి. మన పొలం వేరేవాళ్లు దున్నుతుంటే మీ తాత గట్టు మీద నిలబడి చూసి వచ్చేవాడట, ఆ రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదట. మీ అమ్మకు అదంతా యాదికే ఉంటుంది, అయినా ఎకరం మాట ఎత్తిందంటే మీ మీద ఎంత ఒత్తిడి పెడుతున్నారో నాకు అర్థమైంది.

నర్సు దగ్గర ఒక్క రూపాయి ఫీజు తీసుకోకుండా, ఖర్చు అక్కడి ఆస్పత్రే పెట్టుకునే పద్ధతి ఉంది. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ, వాళ్ల ప్రభుత్వ అభివృద్ధి సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే ట్రిపుల్ విన్ అనే పథకం అట్లాంటిదే, కేరళలో విదేశాలకు పోయేవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ నోర్కా 2021లో వాళ్లతో ఒప్పందం చేసుకుంది. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతున్నది. ముందు అక్కడ అడుగు. ప్రైవేటు వాళ్లయితే లైసెన్స్ నంబర్ తీసుకుని కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్‌లో నువ్వే కొట్టి చూడు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీస్ ఛార్జి తీసుకోవద్దని రూలు. 30 వేలెక్కడ, మూడు లక్షలెక్కడ! మిగతాదానికి "లాంగ్వేజ్ ప్యాకేజీ" అని పేరు పెడతారు. దేనికెంతో విడివిడిగా రసీదు ఇమ్మను, అప్పుడు తెలుస్తుంది వాళ్ల సంగతి. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు ఒప్పందంలో ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టకు.

ఇక నీ చేతిలో ఉన్నది భాష. జర్మన్‌లో బీ1 అనే మధ్య మెట్టుతోనే విమానం ఎక్కించేవాళ్లు ఉన్నారు కానీ, నా మాట విని దాని పై మెట్టు బీ2 ఇక్కడే పాస్ అయ్యి పో. అక్కడ నీ నర్సింగ్‌కు గుర్తింపు రావాలంటే ఎట్లాగూ బీ2 కావాలి, నీ చదువులో ఏమైనా తక్కువైందంటే పరీక్షో, ఆస్పత్రిలో శిక్షణో పెడతారు, అవన్నీ అయ్యేదాకా నువ్వు నర్సువు కాదు, హెల్పర్‌వి. జీతమూ హెల్పర్‌దే. డ్యూటీ చేసి వచ్చి రాత్రి వ్యాకరణం చదవడం ఎంత కష్టమో నైట్ డ్యూటీలు చేసినదానివి, నీకు చెప్పాలా.

పదాలు చూసి భయపడకు. బ్లూట్‌డ్రుక్‌మెస్‌గెరేట్ అంటే బీపీ మిషనే. బ్లూట్ రక్తం, డ్రుక్ ఒత్తిడి, మెస్ కొలవడం, గెరేట్ మిషన్. మన రక్తపోటు లాగే మాటకు మాట అతికిస్తారు, విడదీస్తే అంతా తెలిసిందే. చాలా వాక్యాల్లో క్రియ కూడా మన లాగే చివరకు పోతుంది. జాగ్రత్త పడాల్సింది అంకెల దగ్గర. వాళ్లు 54ను "నాలుగూ యాభై" అని వెనక నుంచి చెప్తారు. ఫోన్‌లో డాక్టర్ డోసు చెప్తుంటే నువ్వు 45 అని రాశావనుకో, అక్కడ మంచం మీద ఉన్నది మనిషి. అందుకే రోజూ పది నిమిషాలు ఎవరితోనైనా అంకెలు చెప్పించుకుని కాగితం మీద రాయి. విన్నది మళ్లీ తిరిగి చెప్పి సరిచూసుకునే అలవాటు ఇప్పుడే చేసుకో.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పేషెంట్‌కు ఒళ్లు తుడిచేది, అన్నం తినిపించేది పక్కనున్న ఇంటివాళ్లు. అక్కడ అది నర్సు పని. స్నానం, డైపర్, పక్క మార్చడం అన్నీ నువ్వే, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే ఐవీ కాన్యులా మాత్రం చాలా చోట్ల డాక్టర్లే పెడతారు. బీఎస్సీ చదివింది ఇందుకా అని ఏడ్చి తిరిగొచ్చిన పిల్లలు ఉన్నారు. అది తక్కువ పని కాదు బిడ్డా, ముసలామె వీపు తుడుస్తున్నప్పుడే పుండు మొదలవడం కనబడుతుంది. అయితే నీ మనసుకు సరిపోతుందో లేదో ఇక్కడుండగానే చూసుకో. మీ నాయనమ్మ మంచంలోనే ఉంది కదా, ఒక నెల ఆమె పనంతా నువ్వే చెయ్యి.

ఈ ఆదివారం హన్మకొండ రా. వాళ్లిచ్చిన కాగితాలన్నీ జిరాక్స్ తీయించి తే, ఇద్దరం కూర్చుని చదువుదాం. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ బీరువాలోనే ఉండనీ, ఎవరు అడిగినా ఇవ్వకు. పొలం పాసుబుక్కు కూడా ఎవరికీ చూపించొద్దని మీ అమ్మకు చెప్పు.

మీ పెద్దమ్మ