హత్యకు రెండు రోజుల ముందు వచ్చిన నియామకం

ప్రశ్న: మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు ఒక దేశానికి తాత్కాలిక నాయకుడయ్యారనీ, విదేశం వెళ్లి మళ్లీ సొంత గడ్డ మీద దిగలేకపోయారనీ విన్నాను. ఆయనెవరు? అలా ఎందుకైంది?
– ఒక పాఠకుడు, పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆయన కరీబియన్ దేశమైన హైతీకి చెందిన ఏరియల్ హెన్రీ. ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో చదివిన న్యూరోసర్జన్.

2021 జులై 5న అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్ ఆయన్ను ప్రధానిగా నియమించారు. 7న తెల్లవారకముందే మోయిజ్‌ను సొంతింట్లో కాల్చి చంపారు. హెన్రీ అప్పటికింకా ప్రమాణం చేయలేదు. అప్పటిదాకా తాత్కాలిక ప్రధానిగా ఉన్న క్లోడ్ జోసెఫ్ పగ్గాలు తన చేతిలోనే ఉన్నాయన్నారు. విదేశీ రాయబారులు హెన్రీ వైపు మొగ్గాక, జులై 20న ఆయన ప్రమాణం చేశారు. చిక్కంతా ఇక్కడే మొదలైంది. జనం ఓటుగానీ, పార్లమెంటు ఆమోదంగానీ ఆ పదవికి లేవు.

మీ పాతపట్నం నుంచే 1952లో లోక్‌సభకు వెళ్లిన వి.వి.గిరి గారి సంగతి చూడండి. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూస్తే, ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు ఆ రోజే బాధ్యతలు తీసుకున్నారు. రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడటానికి జులై 20న ఆయన తప్పుకుంటే, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆ స్థానంలోకి వచ్చారు. అందుకు కావలసిన చట్టాన్ని పార్లమెంటు ఆ మే నెలలోనే చేసి ఉంచింది. తర్వాత ఎవరన్న తగువే రాలేదు.

హైతీలో అలా ఒకరి తర్వాత ఒకరు బాధ్యత తీసుకునే మెట్లన్నీ విరిగిపోయి ఉన్నాయి. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అంతకుముందు నెలలోనే కోవిడ్‌తో పోయారు. 30 మంది ఉండాల్సిన సెనేట్‌లో (పార్లమెంటు ఎగువ సభలో) మిగిలింది 10 మంది. 2023 జనవరిలో వాళ్ల గడువూ తీరింది. ఎన్నికలు పెడదామంటే రాజధానిలో చాలా భాగం ముఠాల చేతిలో ఉంది. అందుకే విదేశీ బలగాలు కావాలని హెన్రీ అడిగారు, కెన్యా ఒప్పుకుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం లేకుండా పోలీసులను పంపడం కుదరదని కెన్యా హైకోర్టు 2024 జనవరిలో చెప్పింది. ఆ సంతకం కోసమే మార్చి 1న హెన్రీ కెన్యా రాజధాని నైరోబీలో ఉన్నారు.

ఆ అదును చూసి ముఠాలు జైళ్లు బద్దలుకొట్టాయి, విమానాశ్రయం మీద దాడికి దిగాయి. పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్ విమానం దిగనివ్వలేదు. చివరికి అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికో దీవిలో దిగారు. మార్చి 11న తప్పుకుంటానని ప్రకటించారు. ఏప్రిల్ 25న 9 మంది సభ్యుల తాత్కాలిక పాలక మండలి పగ్గాలు తీసుకుంది.

పోటీ పరీక్షలకు చదువుతుంటే ఒక జాగ్రత్త: హెన్రీని తాత్కాలిక అధ్యక్షుడని రాయకండి, ఆయన ప్రధానే. అధ్యక్ష పదవి అన్నాళ్లూ ఖాళీగానే ఉంది. 2024 జూన్‌లో ప్రధాని అయిన గ్యారీ కొనీల్ కూడా డాక్టరే. ఆయన్ను నవంబరులోనే తప్పించారు. ఇద్దరి పేర్లూ తారుమారు చేసుకోకండి.