పాత షీటు మీద గీత పెట్టే ముందు

ఉప్పల్, హైదరాబాద్

చిరంజీవి శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండలు తవ్వకాలకు ముందు ఎంత ఎత్తున ఉండేవో పాత టోపోషీట్లతో, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటాలతో, లెక్క కడుతున్నావట. మాసబ్ ట్యాంక్ మీదుగా రోజూ వెళ్తూ, ఆ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ బోర్డు చూసేవాళ్లలో ఒక్కరికైనా ఆ ఆలోచన వచ్చింది, సంతోషం. కానీ స్కాన్ రాగానే కాంటూర్లు, అదే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ట్రేస్ చేయడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగు. ముందు షీటు అంచులు చదువు.

సర్వే చేసిన ఏళ్లు వేరు, అచ్చువేసిన ఏడాది వేరు. నీకు కావాల్సింది మొదటిది. బైలడిల్లాలోని కిరందుల్‌లో 14వ ఇనుప ఖనిజ నిక్షేపం 1968లో తెరిచారు. ఆ తర్వాత అచ్చయిన షీటు మీద కూడా కొండ చెక్కుచెదరకుండా ఉండొచ్చు, కొలిచినవాడు ఎప్పుడో ముందే వెళ్లొచ్చాడు కాబట్టి.

ఇంచికి మైలు స్కేలున్న పాత షీట్లలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, కాంటూర్ల మధ్య సాధారణంగా 50 అడుగులు. 1:50,000 షీట్లలో 20 మీటర్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అడుగుల అంకెను మీటర్లనుకుని ఓ గుట్టను మూడింతలు పెంచేశాను. మా పైఆఫీసర్ తిట్టలేదు, కాగితం మీద ‘ఎవరెస్టా?’ అని రాసి పంపాడు. అన్నట్టు, ఆ పేరూ నీకు కావాలి. పాత షీట్లు ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అనే భూమి ఆకారపు లెక్క మీద వేసినవి, జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో లెక్క మీద. మార్చకుండా ఒకదానిపై ఒకటి వేస్తే కొండ అంచు పక్కకు జరిగి, తవ్వని చోట తవ్వినట్టు చూపిస్తుంది.

అసలు సంగతి ఆ గీతలు ఎలా పుట్టాయన్నది. మూడుకాళ్ల స్టాండు, పైన ప్లేన్ టేబుల్ అనే చదునైన బల్ల, దాని మీద కాగితం. తెలిసిన మూడు శిఖరాలకు గురిచూసి సర్వేయరు తానున్న చోటు తేల్చుకునేవాడు. వాలు కొలిచే క్లైనోమీటర్‌తో కోణం చూసి ఎత్తు కట్టేవాడు. మధ్యలో వాలంతా కంటితో చూస్తూ గీసిందే. అడవి కప్పిన లోయలో కాంటూరు వంకర లేకుండా నున్నగా పోతోందంటే, అక్కడికి మనిషి దిగలేదని అనుమానించు. కచ్చితంగా కొలిచిన చోటుకు గుర్తైన ట్రిగ్ పాయింటు త్రికోణాన్ని, చుక్క పక్కన రాసిన ఎత్తును ఎక్కువ నమ్ము.

అంతరిక్షం నుంచి తీసిన లెక్కలనీ గుడ్డిగా నమ్మకు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక (స్పేస్ షటిల్) మీది రాడార్ తీసిన ఎత్తుల్లో దట్టమైన అడవి ఉన్నచోట చెట్ల ఎత్తూ కొంత కలుస్తుంది. అందుకే పది పదిహేను మీటర్ల తేడా కనిపిస్తే వెంటనే గనుల ఖాతాలో రాసేయకు.

ఆదివారం రా. నా దగ్గర గుడ్డ అతికించిన 56 కె/7 షీటుంది, ముందు మన గోల్కొండ గుట్ట మీద చేయి తిప్పుకుందువు. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంది. ఆ నూనె చేతులతో మాత్రం షీటు ముట్టుకోకు.

మీ పెదనాన్న