89కి చప్పట్లు కొట్టని భార్య

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. నెల్లూరులో వ్యాపారం. ఎనిమిదేళ్లుగా ఆదివారాలు చెన్నై వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నాను. ఈమధ్యే మొదటిసారి నా స్కోరు 90 లోపు వచ్చింది, 89. రెండు చిన్న పట్లు (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బలు) మాత్రం ‘పడినట్టే లెండి’ అని మిత్రుడు వదిలేయమన్నాడు. రాత్రి ఇంటికి వచ్చి చెబితే నా భార్య ‘అలాగా, పులుసు వెచ్చబెట్టనా?’ అంది. మనసు చివుక్కుమంది. మూడు వారాలుగా ముక్తసరిగానే మాట్లాడుతున్నాను. నేను ఆశించింది ఎక్కువా?

జవాబు: ఎక్కువేమీ కాదు. గోల్ఫ్‌లో స్కోరంటే కొట్టిన దెబ్బల లెక్క, తగ్గితేనే గొప్ప. పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బలు, 72 ఉన్న మైదానంలో పద్దెనిమిది హోల్స్‌లోనూ (గుంటల్లోనూ) తలా ఒక దెబ్బ ఎక్కువైతే 90. అందులో ఒకటి తగ్గించడానికి మీకు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ సంబరం ఇంట్లో చెప్పుకోవాలనిపించడం సహజం. కానీ ఈ లెక్క మీ శ్రీమతికి ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మన ఇళ్లలో పిల్లల మార్కులైనా, ధాన్యం దిగుబడైనా పెరిగితేనే పండగ. మీ అబ్బాయి చిన్నప్పుడు 97 నుంచి 89కి దిగానని వచ్చి చెబితే మీరేమనేవారు?

ఆదివారాన్ని ఆవిడ వైపు నుంచి చూడండి. తెల్లవారుజామున మూడింటికి కారు తీసి ఉంటారు. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి చెన్నై చేరడానికే మూడు గంటలు. ఆట మరో నాలుగు గంటలు, ఆపైన మిత్రులతో భోజనం, తిరుగు ప్రయాణం. సగం ఆదివారాలే వెళ్లారనుకున్నా ఎనిమిదేళ్లలో రెండు వందలు దాటాయి. ఆవిడ వాటిని ఎక్కడా రాసిపెట్టి ఉండకపోవచ్చు, మరిచిపోయి మాత్రం ఉండరు. అయినా మధ్యాహ్నం వండిన పులుసులో మీ వంతు రాత్రి దాకా తీసి ఉంచారు. ఆ మనిషికి మీరంటే పట్టదని అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంకో మాట, కోపగించుకోకండి. ఆ రెండు పట్ల సంగతి నేను అడగకుండానే రాశారు. దెబ్బలు లెక్కపెట్టే ఆటలో బంతి గుంటలో పడితేనే హోల్ పూర్తయినట్టు. ఎదుటివాడు వదిలేస్తే చెల్లేది హోల్ హోల్‌కీ గెలుపోటములు తేల్చుకునే ఆటలోనే. ఆ రెంటిలో ఒక్కటి తప్పినా మీ స్కోరు 90. ఈ అలకలో కొంత పాలు ఆ ముల్లుదేనేమో చూసుకోండి.

మౌనం మొదలుపెట్టింది మీరే కాబట్టి ముందు మీరే మాట్లాడండి. ఆ స్కోరు కార్డు పారేసి ఉండరు. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు ఆవిడ ముందు పెట్టండి. పద్దెనిమిది హోల్స్ కథా చెప్పకండి, ఎవరికైనా విసుగే. ఒక్క హోల్ చెప్పండి, ఆ రెండు పట్ల సంగతి దాచకండి. ‘ఇంతకీ అది 89 కిందా, 90 కిందా?’ అని ఆవిడ అడిగితే, మూడు వారాల కిందట మీరు ఎదురుచూసింది దొరికినట్టే.

నెలలో రెండు ఆదివారాలు ఇంటి పట్టున ఉండండి. పులుసు వేడిగా ఉన్నప్పుడే తినండి. ఎప్పుడైనా ఆవిడ సరే అంటే చెన్నై తీసుకెళ్లండి, మీ వెనక ఎండలో ఆరేడు కిలోమీటర్లు నడిపించడానికి మాత్రం కాదు. ప్రాక్టీస్ గ్రీన్ (సాధన చేసుకునే పచ్చిక) మీద పట్టర్, అంటే పట్లు కొట్టే కర్ర, చేతికిచ్చి, మూడడుగుల దూరం నుంచి కొట్టమనండి. తప్పితే మళ్లీ కొట్టనివ్వండి. ‘పడినట్టే లెండి’ అని మాత్రం అనకండి.