సెల్ఫ్ ‘టక్’మంటుంది, ఇంజన్ మాత్రం తిరగదు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 పెట్రోల్ కారును ఇప్పటికీ నడుపుతున్నాను. పొద్దున సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంటుంది కానీ, భీమిలి దాకా వెళ్లి ఆపి మళ్లీ తాళం తిప్పితే ‘టక్’మన్న శబ్దం తప్ప కదలిక ఉండదు. బ్యాటరీ కొత్తదే. సెల్ఫ్ మోటార్ మార్చేయమని మెకానిక్ అంటున్నారు. మార్చక తప్పదా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: దయచేసి తొందరపడి మార్చకండి. ఆ ‘టక్’మన్న శబ్దం సోలినాయిడ్ (తాళం తిప్పగానే మోటార్‌కు పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పనిచేసినప్పుడు వచ్చేది కాబట్టి, తాళం నుంచి అక్కడి దాకా వైరింగు బాగానే ఉన్నట్టు లెక్క. లోపమల్లా దాని తరవాత, వంద ఆంపియర్లకు పైగా కరెంటు పారవలసిన దారిలో ఉంది. సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, లావు కేబుళ్ల కొసలు చిలుము పట్టి ఉండవచ్చు, మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి ఉండవచ్చు. అయితే సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో నేను మొదట అనుమానించేది ఎర్త్ పట్టీనే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక, దాన్ని ఛాసిస్‌తో కలిపే ఆ అల్లిక పట్టీ ఒక్కటే కరెంటు తిరిగి వెళ్లడానికి సరైన దారి. ఉప్పు గాలికి దాని కొసలు పచ్చగా చిలుము పట్టి, ఇంజన్ వేడెక్కేసరికి పట్టు మరింత సడలుతుంది. అప్పుడు కరెంటు డాష్‌బోర్డు నుంచి ఇంజన్‌కు వచ్చే చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఆ కేబుల్ తొడుగు వేడెక్కినట్టు అనిపిస్తే, దొంగ దొరికినట్టే.

మల్టీమీటరుతో దీన్ని రుజువు చేసుకోవచ్చు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్నని తీగ విప్పండి. మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద (బిగింపు మీద కాదు, సీసపు స్తంభం మీదే), రెండో కొసను ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలేలా పెట్టి, మరొకరిని తాళం తిప్పమనండి. మీటరు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేదని అర్థం. బ్యాటరీ రెండో టెర్మినల్‌కూ మోటార్ టెర్మినల్‌కూ మధ్య కూడా ఇలాగే కొలవండి. రెండు చోట్లా తేడా లేకుండా, మోటార్ దగ్గరికి 10 వోల్టులు వస్తున్నా అది తిరగకపోతేనే మోటార్‌ను దించాలి.

దించినా కొత్తది కొననక్కర్లేదు. గాజువాక ఆటోనగర్‌లో పాత మోటార్లు విప్పి బాగుచేయడం తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు అప్పగించి, కార్బన్లూ బుష్‌లూ చూడమనండి. కమ్యుటేటర్‌ను (కార్బన్లు ఆనే రాగి భాగాన్ని) సన్నని గాజుకాగితంతోనే రుద్దాలి, ఎమరీ కాగితం వాడకూడదు. డైనమోకు చేసినట్టు దాని రాగి పలకల మధ్య మైకాను లోతుగా చెక్కకూడదు. ఈ రెండు మాటలూ పక్కన నిలబడి చెప్పండి, ఎందుకంటే అలవాటు కొద్దీ చెక్కేసేవారు చాలామంది.

ప్రశ్న: మాదీ పాత అంబాసిడరే. సెల్ఫ్ ‘జుయ్’మని తిరుగుతుంది కానీ ఇంజన్‌ను పట్టుకోదు. ఆయిల్ వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఆయిల్ అసలు వేయకండి. మోటార్ ఒక్కసారిగా తిరిగినప్పుడు బెండిక్స్ పినియన్ (మోటార్ ఇరుసు మీది చిన్న పళ్ల చక్రం) మర గాడి మీద జారి, ఇంజన్ పెద్ద చక్రమైన ఫ్లైవీల్ పళ్లను అందుకోవాలి. ఆయిల్ తగిలితే క్లచ్ దుమ్ము ముద్దలా అంటుకుని, ఆ జారుడు ఆగిపోతుంది. బ్యాటరీ ఎర్త్ విప్పి, మోటార్‌ను కారు నుంచి బయటికి తీశాక, గాడిని కిరసనాయిలుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి పొడిగానే బిగించండి. బిగించే ముందు ఫ్లైవీల్ రింగు పళ్లను కూడా టార్చి వేసి చూడండి. ఒకే చోట పళ్లు అరిగి ఉంటే కడిగినా ఫలితం ఉండదు, రింగు మార్చాలి.