ఆపరేషన్ తేదీ ఖరారైంది, భయం మాత్రం తగ్గట్లేదు

బరువు తగ్గించే సర్జరీ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు బేరియాట్రిక్ సర్జన్, మత్తు డాక్టర్, డైటీషియన్ ఉన్న బృందం ఇస్తున్న జవాబులు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. గురక బాగా పెడతానని మావారంటారు. మధ్యాహ్నమైతే ఆఫీసులో కునికిపాట్లే. వచ్చే నెల మొదటి వారంలో స్లీవ్ సర్జరీకి (పొట్టలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) డేట్ ఇచ్చారు. ఒప్పుకున్న రోజున్న ధైర్యం ఇప్పుడు లేదు. మత్తులోంచి లేవకపోతే ఇద్దరు పిల్లల గతేంటని రాత్రిళ్లు కంటి మీద కునుకు ఉండట్లేదు. పొట్టలో లీకేజీ గురించి వీడియోలు చూశాక మరీ భయం పట్టుకుంది. మా అత్తయ్యగారేమో ‘నోరు కట్టుకుంటే తగ్గనిదా, ఒళ్లు కోయించుకోవాలా’ అంటున్నారు. క్యాన్సిల్ చేసుకోమంటారా?
– ఓ సోదరి, కూకట్‌పల్లి

జవాబు: ఈ రోజే క్యాన్సిల్ చేయకండి. అలాగని డేట్ ఇచ్చారు కదా అని కళ్లు మూసుకుని వెళ్లనూ వద్దు. మీ ఉత్తరంలో ఉన్నది ఒకే భయం కాదు. మత్తు, లీకేజీ, పిల్లలు, అత్తగారి మాట అన్నీ కలిసిపోయి రాత్రిపూట ఒక్కసారిగా మీద పడుతున్నాయి. దేనికది విడదీస్తే ఏది ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ముందు మత్తు సంగతి. మోతాదు ఎక్కువైతే మనిషి ఇక లేవడని చాలామంది అనుకుంటారు. జనరల్ అనస్తీషియా ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి వదిలేసేది కాదు. ఆపరేషన్ జరిగినంత సేపూ, అంటే సుమారు గంట నుంచి రెండు గంటలు, మందు ఇస్తూనే ఉంటారు. ఆపితే మెలకువ వస్తుంది. లావుగా ఉన్నవారిలో మత్తు డాక్టర్ అసలు జాగ్రత్తపడేది శ్వాస గురించి. అందుకే టేబుల్ మీద తల, భుజాలు ఎత్తుగా ఉండేలా దిండ్లు పేరుస్తారు. నిద్రపుచ్చే ముందు కొన్ని నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ పట్టిస్తారు. చివర్లో మీరు కళ్లు తెరిచి, చెప్పిన మాట విని, సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారని చూశాకే గొంతులో ట్యూబు తీస్తారు.

మీ విషయంలో మేం నిలదీసి అడిగేది వేరే ఉంది. గురక, పగటి కునికిపాట్లు రెండూ ఉన్నాయి కదా, స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను గమనించే పరీక్ష) చేశారా? మీరు రాయలేదు. నిద్రలో శ్వాస ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఉండి, అది తెలియకుండా ఆపరేషన్‌కి వెళ్లడమే మత్తుకు సంబంధించి నిజమైన ముప్పు. జబ్బు ఉందని తేలితే మాస్కు ద్వారా గాలి పంపి శ్వాసదారి మూసుకుపోకుండా చూసే సీపాప్ మిషన్ ఇస్తారు. సర్జరీకి ముందు కొన్ని వారాలు రాత్రిపూట పెట్టుకోవాలి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ మాస్కు, మిషన్ వెంట తీసుకెళ్లాలి. దీనికోసం డేట్ ఓ నెల జరిగినా నష్టమేమీ లేదు. భయపడి వాయిదా వేసుకోవడం వేరు, ఇది వేరు.

ఇక ప్రాణభయం. అనుభవమున్న సెంటర్లలో ఈ సర్జరీ తర్వాత నెల రోజుల్లో మరణించేవారు సుమారు వెయ్యిమందిలో ఒకరు. పిత్తాశయం ఆపరేషన్‌కి ఉండే ముప్పు కూడా దాదాపు ఇంతే. వయసు మళ్లినవారిలో, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 50 దాటినవారిలో, గుండె జబ్బు లేదా కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారిలో ముప్పు పెరుగుతుంది. మీ బీఎంఐ 40. సర్జన్‌ని మొహమాటం లేకుండా అడగండి: ‘ఏడాదికి ఎన్ని చేస్తారు? మీ దగ్గర లీకేజీ ఎంతమందికి వచ్చింది? వస్తే ఇక్కడే చూస్తారా, వేరేచోటికి పంపుతారా? రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?’ ఈ ప్రశ్నలకు విసుక్కునే డాక్టర్ అయితే రెండో అభిప్రాయం తీసుకోండి. పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్ద సంస్థకు ఫైలు పట్టుకెళ్లి చూపించినా సరే.

లీకేజీ నూటికి ఒకరిద్దరికి రావచ్చు. స్లీవ్‌లో పొట్ట 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలిన దాన్ని సన్నటి గొట్టంలా స్టేప్లర్‌తో మూస్తారు. గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. పైకొనలో, అన్నవాహిక కలిసే చోట, రక్తప్రసరణ తక్కువ. పిన్నుల వరుస విడిపోతే ఎక్కువగా అక్కడే విడిపోతుంది. ఎక్కువమందికి మొదటి పది రోజుల్లో, కొందరికి కొన్ని వారాల తర్వాత కూడా బయటపడుతుంది. పొట్టనొప్పి కంటే ముందే నాడి చెబుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా సర్జరీ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తే విలువైన గంటలు పోతాయి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కొని పొద్దునా సాయంత్రం నాడి ఓ కాగితం మీద రాయించండి. ఆ పని మీవారికి అప్పగించండి, ఆయన కంగారుకూ ఓ దారి దొరుకుతుంది. అర్ధరాత్రి కారు ఎవరు తీస్తారో, పిల్లల దగ్గర ఎవరుంటారో ముందే అనుకోండి.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు లివర్ డైట్ ఇస్తారు. రోజుకు 800 నుంచి 1000 కేలరీలు, అన్నం, చపాతీలు బాగా తక్కువ, ప్రొటీన్ ఎక్కువ. ఇది మీ పట్టుదలకు పెట్టే పరీక్ష కాదు. కొవ్వు పట్టిన కాలేయం ఎడమ భాగం పొట్ట మీదికి వచ్చి సర్జన్‌కి దారి మూసేస్తుంది. ఈ ఆహారంతో అది కుంచించుకుంటుంది. మన ఊళ్లో అందరూ తప్పు చేసేది ఇక్కడే. ‘ఇక జన్మలో తినలేనేమో’ అని చివరి వారమంతా బిర్యానీలు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, వీడ్కోలు విందులు. కాలేయం ఉబ్బి, కెమెరా పెట్టి చూశాక పని కష్టమైన సందర్భాలు ఉంటాయి. నిజానికి ఏడాది తర్వాత బిర్యానీ నాలుగు ముద్దలు మీరూ తింటారు.

డైట్ మొదలయ్యేటప్పుడే షుగర్ మందులు మార్పించుకోవాలి, లేదంటే షుగర్ పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ అయితే సర్జరీకి కనీసం 3 రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే గ్లూకోమీటర్‌లో అంకె బాగానే కనిపిస్తూ, రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదముంది. పిండి పదార్థాలు తగ్గించిన డైట్‌లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ కాబట్టి, డైట్ రోజే ఆపాలా అని అడగండి. మీ అంతట మీరు ఆపకండి. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడి ఉంటే అదీ చెప్పాలి, వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

నిద్ర పట్టని రాత్రులకు ఒక పని. మూడు రంగు బంతులున్న ఊపిరి సాధన పరికరం మెడికల్ షాపులో దొరుకుతుంది. సర్జరీ తర్వాత మెలకువగా ఉన్నంత సేపూ గంటకు పదిసార్లు దాన్ని పీల్చమంటారు. నొప్పితో కొత్తగా నేర్చుకోవడం కంటే ఇప్పుడే అలవాటు చేసుకోండి. నెమ్మదిగా లోపలికి పీల్చి బంతులు పైనే నిలిచేలా పట్టి ఉంచాలి, ఊదకూడదు. ఊపిరితిత్తులకూ మంచిది, గుండె దడ కూడా నెమ్మదిస్తుంది. వీడియోలు మాత్రం ఆపేయండి. బాగా కోలుకున్నవారిలో చాలామంది వీడియోలు పెట్టరు.

అత్తయ్యగారిని తర్వాతి అపాయింట్‌మెంట్‌కి వెంట తీసుకెళ్లండి. నోరు కట్టుకుంటే ఎందుకు తగ్గదో డాక్టర్ చెబితే ఆవిడ వింటారు. బరువు తగ్గే కొద్దీ ఒంట్లో ఆకలి హార్మోన్ గ్రెలిన్ పెరుగుతుంది, ఖర్చయ్యే కేలరీలు తగ్గుతాయి. స్లీవ్‌లో గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగమే తీసేస్తారు. పైగా ఆ తర్వాత ఆరు వారాలు వంటింట్లో ఆవిడ సాయం మీకు కావాలి.

ఇంత తెలుసుకున్నాక కూడా ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పలేకపోతే, లేదా ఇది మీ కోరిక కాదు, ఇంకొకరి ఒత్తిడి అనిపిస్తే ఆగండి. స్లీవ్‌లో తీసేసిన పొట్ట మళ్లీ రాదు. దిగులు, ఏడుపు, అర్ధరాత్రి లేచి ఆపకుండా తినడం ఉంటే ముందు సైకాలజిస్టును కలవండి. ఆ అలవాటు కత్తితో పోదు.

ప్రశ్న: పదేళ్లుగా గుండెల్లో మంట. రోజూ మాత్ర పడాల్సిందే. సర్జన్ స్లీవ్ అంటున్నారు, మిత్రుడొకరికి గ్యాస్ట్రిక్ (పొట్ట) బైపాస్ చేశారు. ఏది మంచిది? ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎండోస్కోపీ చేశారా అని ముందు అడగండి. చేయకపోతే చేయించండి. స్లీవ్ తర్వాత మంట కొందరిలో పెరుగుతుంది, లేనివారికి కొత్తగా రావచ్చు. పెద్ద హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం), అన్నవాహిక పుండు పడటం, బ్యారెట్స్ మార్పులు (ఆమ్లం వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉంటే సాధారణంగా రూ-ఎన్-వై బైపాస్ వైపే మొగ్గు చూపుతారు. అందులో పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి పేగుకు కలుపుతారు. మంటకూ షుగర్‌కూ ఇది బాగా పనిచేస్తుంది. బదులుగా కొన్ని షరతులుంటాయి. సిగరెట్ ముట్టకూడదు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, కలిపిన చోట పుండు పడుతుంది. మద్యం త్వరగా ఎక్కుతుంది. విడిగా ఉండిపోయే పొట్టలోకి మామూలు ఎండోస్కోపీ పోదు. సిగరెట్ వదలలేనని మీకే అనిపిస్తే, ఆ మాట సర్జన్‌తో ఇప్పుడే చెప్పండి.

ఇన్సూరెన్స్‌కి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం వయసు 18 నిండాలి, బీఎంఐ 40 లేదా ఆపైన ఉండాలి. బీఎంఐ 35 నుంచి 40 లోపు అయితే గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్-2 షుగర్ లాంటివి తోడుండాలి. మామూలు పద్ధతులతో తగ్గలేదన్న రుజువూ అడుగుతారు. వైద్యపరంగా మన దేశంలో ఇంతకన్నా తక్కువ బీఎంఐకే సర్జరీ సూచిస్తారు కాబట్టి, డాక్టర్ అవసరమన్నా కంపెనీ కాదనొచ్చు. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించడానికి ఆగాల్సిన కాలం) చూసుకుని, ముందస్తు అనుమతి కాగితం చేతికొచ్చాకే అడ్మిట్ అవ్వండి.

ప్రశ్న: నాకు 26. పీసీఓడీ ఉంది. సంబంధాలు చూస్తున్నారు. సర్జరీ చేయించుకుని ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చా అని అమ్మ అడుగుతోంది. నాకేమో తర్వాత పిల్లలు పుడతారా అని బెంగ.
– ఎల్బీనగర్

జవాబు: బంధువులకు చెప్పాల్సిన పని లేదు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి చెప్పాలి. సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి, ఆ సంగతి అతనికి తెలియకుండా ఎలా కుదురుతుంది? పిల్లల గురించి మీ బెంగకు కారణం లేదు. బరువు తగ్గితే పీసీఓడీలో నెలసరి దారిలో పడి, అనుకోకుండానే గర్భం వస్తుంటుంది. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే పద్ధతి అడగండి. ఇప్పుడు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడుతుంటే సర్జన్‌కి చెప్పండి, రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల కొన్ని వారాల ముందే ఆపమంటారు.

ముహూర్తం విషయంలో ఒక మాట. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు బాగా ఊడుతుంది. మళ్లీ వస్తుంది కానీ పెళ్లి ఫొటోలు ఆగవు. ఆ నెలల్లో పెళ్లి పెట్టుకోకపోతే మంచిది. ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో సుమారు 18. పప్పుచారుతో ఆ లెక్క నిండదు, మొదట్లో ప్రొటీన్ పౌడర్ తప్పదు. విందుల్లో ముందు చికెన్ ముక్కో పనీరో బాగా నమిలి తినండి, అన్నం తర్వాత. భోజనంతో నీళ్లు వద్దు, అరగంట ఆగాలి. మల్టీవిటమిన్, కాల్షియం, బీ12 జీవితాంతం. ఐరన్, కాల్షియం మాత్రలకు మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే ఇంట్లో కూర్చోకండి. బీ1 విటమిన్ అడుగంటి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించే ముందు బీ1 ఇంజెక్షన్ ఇవ్వమని గుర్తు చేయండి.