పాత షెవెల్‌కి కొత్త ఇంజన్: గేర్‌బాక్సు ధర ఒక్కటే చూసి దిగకు

తమ్ముడూ, 1970 షెవర్లే షెవెల్‌లో జీఎం వాళ్ల ఎల్‌ఎస్3 వీ8 ఇంజన్ దించుతున్నావు, సంతోషం. ట్రెమెక్ కంపెనీ గేర్‌బాక్సుల్లో ఆరు గేర్ల మాగ్నమ్ కొననా, అయిదు గేర్ల టీకేఎక్స్ కొననా అని అడిగావు. అంతకన్నా ముందు చేతిలో ఎంతుందో చూసుకో. అమెరికాకి కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు గేర్‌బాక్సు ధర చూసి ఖర్చు తేలిపోయిందనుకుంటారు. బెల్‌హౌసింగు (ఇంజన్నీ గేర్‌బాక్సునీ కలిపే గంట ఆకారపు తొడుగు), ఫ్లైవీలు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), క్లచ్చు, హైడ్రాలిక్ పెడలు సరంజామా, క్రాస్‌మెంబరు (గేర్‌బాక్సుని మోసే అడ్డపట్టీ), కొలతకి చేయించిన డ్రైవ్‌షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కడ్డీ), స్పీడోమీటరు... ఇవన్నీ వేరే బిల్లులు.

నేను వచ్చిన కొత్తలో ఈ లెక్క చెప్పేవాళ్లు లేరు. చవగ్గా వస్తోందని కార్వెట్ సీ5 నుంచి ఊడదీసిన టీ56 (మాగ్నమ్‌కి ముందు తరం ఆరు గేర్ల పెట్టె) కొనేశాను. టీ56 ఏదైనా ఒకటేననుకున్నాను. 1997లో వచ్చిన ఆ కార్వెట్‌లో గేర్‌బాక్సు ఇంజన్ని అంటుకుని ఉండదు, వెనక డిఫరెన్షియల్‌తో కలిసి ఉంటుంది, మధ్యలో రెండిటినీ కలిపే టార్క్ ట్యూబు అనే గొట్టం. ఇంటికి తెచ్చి దింపాక చూస్తే ముందువైపు నా ఇంజన్‌కి బిగే తీరు కాదు, వెనకవైపు యోక్ (డ్రైవ్‌షాఫ్టు ముందు కొస) దూరే చోటు లేదు. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. నష్టానికి వదిలించుకుని 1998-2002 నాటి కమారోది తెచ్చాను. అది ఇంజన్‌కి కుదిరింది. కానీ దాని తోక భాగం ఆ కారు టార్క్ ఆర్మ్ (వెనక ఇరుసుని పట్టి ఉంచే పొడవాటి కడ్డీ) కోసం చేసింది. గేర్ రాడ్డు నా కన్సోల్ రంధ్రం దగ్గరకి రాలేదు. టన్నెల్ (ఫ్లోర్ మధ్యలో గేర్‌బాక్సు ఇమిడే ఉబ్బు) కోయించి మళ్లీ వెల్డింగు చేయించాల్సొచ్చింది. అంతా క్రెడిట్ కార్డు మీదే. వడ్డీ కడుతూ ఇంటికి పంపే డబ్బు తగ్గించుకున్న రోజులవి. అయినా బండిని నిలబెట్టాను, ఇవాళ్టికీ అదే తోలుతున్నాను.

అందుకే చెబుతున్నా, నీకు టీకేఎక్స్ చాలు. దాని టార్క్ (తిప్పే బలం) హద్దు 600 పౌండ్-అడుగులు, మాగ్నమ్‌ది 700. నీ ఎల్‌ఎస్3 ఇచ్చేది 425 దరిదాపుల్లో. పాత మస్టాంగుల టీ5 చవగ్గా దొరుకుతుంది, జోలికి పోకు, అది 300 దగ్గరే ఆగిపోతుంది. టీకేఎక్స్‌ని పాత కార్ల టన్నెల్‌లో ఇమిడేలా చేశారు. మాగ్నమ్ ఒళ్లు పెద్దది, చాలా పాత బళ్లలో ఫ్లోర్ కోయకుండా కూర్చోదు.

ఆరో గేరు మీద మోజు ఉంటే వెనక ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి డ్రైవ్‌షాఫ్టు తిరిగే చుట్లు) చూడు. 26 అంగుళాల టైరు, 3.73 ఇరుసు అనుకో. గంటకి 70 మైళ్ల దగ్గర నాలుగు గేర్ల పాత పెట్టెతో ఇంజన్ నిమిషానికి సుమారు 3,400 చుట్లు తిరుగుతుంది. టీకేఎక్స్ 0.68 అయిదో గేరుతో 2,300, మాగ్నమ్ 0.50 ఆరో గేరుతో 1,700. అదే 3.08 ఇరుసైతే ఆ ఆరో గేరులో 1,400కి పడిపోతుంది, ఇంజన్ ఈడుస్తుంది. డబ్బు పోసి కొన్న గేరు వాడకుండానే తిరుగుతావు.

ఒక్కచోట మాత్రం పిసినారితనం వద్దు. బెల్‌హౌసింగు బిగించాక డయల్ గేజ్‌ని (సన్న తేడాలు కొలిచే సూది మీటరు) ఫ్లైవీల్ మీద నిలిపి, సూది మొనని బెల్‌హౌసింగు రంధ్రం అంచుకి ఆనించి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పు. సూది చూపే మొత్తం తేడా 0.005 అంగుళం లోపు ఉండాలి. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (బెల్‌హౌసింగుని కాస్త పక్కకి జరిపే పిన్నులు) వేసి సరిచెయ్యి. పిన్నుల ఖర్చు చిల్లర. అది వదిలేస్తే గేరు పడనని మొరాయిస్తుంది, కొత్త పెట్టెలో బేరింగులు అరిగిపోతాయి.

స్మాగ్ (బండి పొగ పరీక్ష) నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకి ఆ పరీక్ష లేదు. మిగతావి నువ్వే చూసుకో, ఇన్సూరెన్సు వాళ్లకి ఇంజన్ మార్చినట్టు చెప్పు.

ఈ వారాంతం బండి వెనక భాగం లేపి స్టాండ్ల మీద పెట్టు. రెండు వెనక చక్రాల్నీ కలిపి ఒక చుట్టు తిప్పితే డ్రైవ్‌షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి నాకు రాయి, అదే నీ ఇరుసు నిష్పత్తి. ఆ అంకె వచ్చేదాకా దేనికీ కార్డు గీకకు.