పేరు కన్నా ముందు సీటు: ర్యాలీ రాతల్లోకి అడుగుపెడుతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. కార్ల పోటీ అయిన ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో కొత్త సీజన్‌కు ముందు ఏ డ్రైవర్ ఏ జట్టులో చేరవచ్చునన్న విషయంపై నీవు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భాష శుభ్రంగా ఉంది, ఈ క్రీడపై నీకున్న మమకారం ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అయితే వ్యాసం మొదటి నుంచి చివరి దాకా పేర్ల చుట్టూనే తిరిగింది. ఫలానా డ్రైవర్ అసంతృప్తితో ఉన్నాడు, ఫలానా జట్టు అతనిపై కన్నేసింది, కాబట్టి అతడు అక్కడికి వెళ్లడం ఖాయం అన్న వరుసలో సాగిపోయింది. ఆ జట్టులో అతనికి ఇవ్వడానికి ఖాళీ కారు ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా రాలేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న గురించే.

జట్లు మారడమనగానే మన పాఠకులకు ఐపీఎల్ వేలం గుర్తుకు వస్తుంది. అక్కడ పది జట్లుంటాయి, ఎవరికి ఎంత పలికిందో అందరి ఎదుటే తేలిపోతుంది. ర్యాలీలో వేలం లేదు, బదిలీలకు నిర్ణీత గడువు లేదు, ఒప్పందాల్లోని మొత్తాలు సాధారణంగా బయటికి రావు. వీటన్నిటికీ మించి, సీట్లే లేవు. ఇటీవలి సంవత్సరాల్లో అగ్రశ్రేణిలో నిలిచిన జట్లు మూడే: ఫిన్లండ్ నుంచి నడిచే టయోటా, జర్మనీలోని ఆల్జెనావ్ నుంచి నడిచే హ్యుందాయ్, ఇంగ్లండ్‌లోని కంబ్రియా నుంచి ఫోర్డ్ కార్లను నడిపే ఎం-స్పోర్ట్. ఆ కార్లలో పూర్తి సీజన్ నడిపే అవకాశం దక్కేవారు పదిమందికి మించడం అరుదు. అందుకే కాగితం మీద ముందుగా రాసుకోవలసింది డ్రైవర్ల పేర్లు కావు, కార్ల సంఖ్య. ఒక్కో కారు ఎదురుగా దానికి ఇప్పటికే కుదిరిన మనిషి పేరు, అతని ఒప్పందం ఏ సీజన్ దాకా ఉన్నట్టు బహిరంగంగా ప్రకటించారో రాసుకో. ఏ పేరూ లేకుండా మిగిలిన గళ్లే నీ వ్యాసానికి అసలు సరుకు.

ఈ పద్ధతి ఎందుకు పనికివస్తుందో చెప్పడానికి 2016 చివరి నెలల కన్నా మంచి పాఠం నాకు కనిపించదు. ఆ ఏడాది నవంబర్ 2న, సీజన్‌లో ఇంకా ఆస్ట్రేలియా ర్యాలీ మిగిలి ఉండగానే, ఫోక్స్‌వాగన్ తాను ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2013 నుంచి వరుసగా నాలుగేళ్లు డ్రైవర్ల టైటిల్‌నూ, తయారీదారుల టైటిల్‌నూ గెలిచిన జట్టు అది. 2017లో అమలుకు రానున్న కొత్త నిబంధనలకు తగినట్టు తయారైన పోలో కారును అప్పటికే టెస్టింగ్‌లో పరుగెత్తిస్తున్నారు కూడా. అయినా డీజిల్ ఉద్గారాల కుంభకోణం దెబ్బ తిన్న ఆ సంస్థ, ఇకపై విద్యుత్ వాహనాల మీద దృష్టి పెడతామని చెప్పి తలుపులు మూసింది. అంతకు వారం క్రితమే అదే గ్రూపుకు చెందిన ఆడి, గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసింగ్ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. అంటే గాలి ఎటు వీస్తోందో చూపే సూచన ఉండనే ఉంది. కానీ అది డ్రైవర్ల మాటల్లో వెతికితే దొరికేది కాదు, కంపెనీ నిర్ణయాల్లో వెతకవలసింది.

ఒక్క ప్రకటనతో ముగ్గురు రోడ్డున పడ్డారు: వరుసగా నాలుగుసార్లు విశ్వవిజేతగా నిలిచిన సెబాస్టియన్ ఓజియే, జారి-మట్టి లాట్వాలా, ఆండ్రియాస్ మికెల్సన్. ఆ వారాల్లో పేర్లను బట్టి ఊహిస్తే ఓజియేను ఏ జట్టుతోనైనా కలిపి రాయవచ్చు, ఛాంపియన్‌ను ఎవరు కాదంటారు? సీట్లను బట్టి చూస్తే బొమ్మ వేరు. హ్యుందాయ్‌లో తియెరి నూవిల్, డానీ సోర్డో, హేడెన్ పాడన్ కుదురుకొని ఉన్నారు. అప్పట్లో బరిలో ఉన్న మరో జట్టు సిట్రోయెన్, క్రిస్ మీక్ చుట్టూ తన జట్టును కట్టుకుంది. నిజంగా చోటున్నవి రెండే. ఒకటి, 1999 తరువాత మళ్లీ బరిలోకి దిగుతున్న టయోటా. రెండోది, 2012తో ఫోర్డ్ అధికారిక మద్దతు ముగిసినా సొంత కాళ్లపై నెట్టుకొస్తున్న ఎం-స్పోర్ట్. ఓజియే ఆ రెండు కార్లనూ నడిపి చూసి, డిసెంబర్‌లో ఎం-స్పోర్ట్‌ను ఎంచుకున్నాడు. లాట్వాలా టయోటాకు వెళ్లాడు. జనవరిలో జరిగిన మాంటే కార్లో ర్యాలీలో ఓజియే మొదటి స్థానంలో, లాట్వాలా రెండో స్థానంలో నిలిచారు. ఆ ఏడాది రెండు టైటిళ్లూ ఎం-స్పోర్ట్‌కే దక్కాయి. పేరున్న జట్టుకే ఛాంపియన్ వెళతాడని రాసినవాడు ఆ డిసెంబర్‌లో తలదించుకోవలసి వచ్చేది.

మికెల్సన్ సంగతి నీవు మరింత నిదానంగా ఆలోచించాలి. ఫోక్స్‌వాగన్ ఆడిన చివరి ర్యాలీని, ఆస్ట్రేలియాలో, గెలిచింది అతడే. గెలిచిన చేత్తోనే ఖాళీగా ఇంటికి వెళ్లాడు. మరుసటి జనవరిలో మాంటే కార్లోకు రెండో శ్రేణి స్కోడా కారులో వచ్చి ఆ శ్రేణిలో గెలిచాడు. ఆ తరువాత సిట్రోయెన్‌తో కొన్ని ర్యాలీలు నడిపి, శరదృతువుకు గానీ హ్యుందాయ్‌లో స్థిరపడలేదు. అతని వేగంలో ఏ లోపమూ లేదు, గళ్లు నిండిపోయాయి, అంతే. ‘ఇంత ప్రతిభ ఉన్నవాడికి సీటు దొరక్కుండా ఉంటుందా’ అని నీ వ్యాసంలో ఒకచోట రాశావు. దొరక్కుండా ఉంటుంది తమ్ముడూ. ఆ వాక్యం తీసివేయి.

ఇక ఒక సీటు కదిలితే ఎన్ని కదులుతాయో 2019 చూపించింది. అక్టోబర్ చివర స్పెయిన్‌లో ఓట్ టానక్ టయోటాలో విశ్వవిజేత అయ్యాడు. 2004 నుంచి సెబాస్టియన్ లోబ్, ఓజియే తప్ప మరొకరు ఎత్తని టైటిల్ అది. ఆ సంబరం సద్దుమణగక ముందే, అదే వారంలో, అతడు హ్యుందాయ్‌కి వెళుతున్నాడన్న ప్రకటన వచ్చింది. ఆ ఏడాది సిట్రోయెన్‌కు నడిపిన ఓజియే నవంబర్‌లో ఆ జట్టును విడిచాడు. అగ్రశ్రేణి డ్రైవర్ అందుబాటులో లేడన్న కారణంతో సిట్రోయెన్ మొత్తంగా తన కార్యక్రమాన్నే ఆపివేసింది. ఓజియే టయోటాకు చేరాడు. ఎం-స్పోర్ట్ నుంచి ఎల్ఫిన్ ఎవాన్స్, కింది శ్రేణి నుంచి కల్లె రోవన్‌పెరా అతనికి తోడయ్యారు. సిట్రోయెన్‌లో చోటు పోయిన ఎసాపెక్కా లాప్పి, ఎవాన్స్ ఖాళీ చేసిన ఎం-స్పోర్ట్ సీటులోకి వెళ్లాడు. ఆ ఏడాది టయోటాలో ఉన్న మీక్‌కు ఏదీ మిగలలేదు. అదే జట్టులోని లాట్వాలాకు పూర్తి సీజన్ పోయింది, 2021లో అతడు అదే టయోటా జట్టుకు అధిపతిగా తిరిగి వచ్చాడు. ఇందులో ఏ ఒక్క పేరునో పట్టుకొని రాస్తే కథలో పదోవంతు కూడా పాఠకుడికి అందదు. గొలుసు ఎక్కడ మొదలైందో కనిపెట్టి అక్కడి నుంచి కొక్కెం తరువాత కొక్కెంగా చెప్పుకుంటూ పోతే, సగం తెలిసిన విషయంతో కూడా నమ్మదగిన ఊహాగానం రాయవచ్చు.

సీటు తెరుచుకోవడానికీ, మూసుకోవడానికీ డబ్బు కారణమవుతుందని అందరికీ తెలుసు. అయితే ఆ డబ్బు ఎవరిదన్నది అడిగి తెలుసుకోవాలి. స్పెయిన్‌కు చెందిన కార్లోస్ సైంజ్ 1990లోనూ, 1992లోనూ టయోటాతో ఛాంపియన్ అయ్యాడు. రెండో టైటిల్ గెలిచిన వెంటనే ఆ జట్టును విడిచాడు. టయోటాకు కాస్ట్రాల్ అండగా వచ్చింది, సైంజ్‌ను పోషిస్తున్నది రెప్సోల్. ఒకే కారు మీద రెండు చమురు కంపెనీల పేర్లు కుదరవు కదా. అతడు లాన్సియాకు వెళ్లి, వయసు మళ్లిన డెల్టా కారుతో 1993 అంతా శ్రమించి ఒక్క ర్యాలీ కూడా గెలవలేకపోయాడు. కాబట్టి ఒక డ్రైవర్‌ను ఒక జట్టుకు జతచేసే ముందు అతని హెల్మెట్ మీద, ఒంటి మీది సూట్ మీద ఏ కంపెనీ పేరుందో, ఆ జట్టు కారు తలుపు మీద ఏ పేరుందో పక్కపక్కన పెట్టి చూడు.

నీ వ్యాసంలో కో-డ్రైవర్, అంటే పక్క సీటులో కూర్చుని దారి చెప్పే మనిషి, అన్న మాటే లేకపోవడం నాకు నొప్పి కలిగించింది. ర్యాలీలో జట్టు మారేది ఒక్కరు కాదు, ఇద్దరు. పోటీకి ముందు ఆ దారుల్లో మామూలు వేగంతో తిరుగుతూ డ్రైవర్ మలుపు మలుపుకూ చెప్పేది కో-డ్రైవర్ రాసుకుంటాడు. స్టేజ్, అంటే సమయం లెక్కించే పోటీ దారి, మొదలైన తరువాత అదే లయలో తిరిగి చదివి వినిపిస్తాడు. ‘ఎడమ నాలుగు, ఎనభై మీటర్లు, గట్టు మీద, కుడి మూడు బిగుస్తుంది, లోపలికి కోయకు’ అన్న పిలుపు అర సెకను ఆలస్యమైతే కారు చెట్లలో ఉంటుంది. ఆ గొంతు మీద నమ్మకం ఏళ్ల తరబడి కూడితే గానీ రాదు. ఫోక్స్‌వాగన్, ఎం-స్పోర్ట్, సిట్రోయెన్, టయోటా అంటూ ఓజియే ఎన్ని కార్లు మారినా 2021 దాకా పక్క సీటులో జూలియన్ ఇంగ్రాసియా మారలేదు. ఆ జంట ఎనిమిది టైటిళ్లు గెలిచింది. కాబట్టి బదిలీ గురించి రాసిన ప్రతిసారీ ఇద్దరి పేర్లూ రాయి. పక్క సీటులో మనిషి మారుతున్నాడంటే దానికదే ఒక వార్త.

సీటు అంటే పూర్తి సీజనే అనుకోవద్దు. 2019 సీజన్‌కు లోబ్ హ్యుందాయ్‌తో కుదుర్చుకున్నది ఆరు ర్యాలీలకే. ఓజియే 2022 నుంచి ఎంపిక చేసుకున్న ర్యాలీలే నడుపుతూ, 2025లో మూడు ర్యాలీలకు దూరంగా ఉండి కూడా తొమ్మిదో టైటిల్ గెలిచి లోబ్ సరసన నిలిచాడు. ఒకే కారును ఇద్దరు పంచుకునే ఏర్పాటు ఇప్పుడు మామూలే గనుక, నీ గళ్లలో సగం గళ్లకు కూడా చోటుంచు.

అలాగే ‘ఎక్కడికీ వెళ్లడు, ఆటనే విడుస్తాడు’ అన్న అవకాశానికీ ఒక గడి కేటాయించు. రెండుసార్లు ఛాంపియన్ అయిన రోవన్‌పెరా ఇరవై అయిదేళ్లకే ర్యాలీని విడిచి జపాన్‌లో సూపర్ ఫార్ములా సర్క్యూట్ రేసింగ్‌లోకి వెళుతున్నట్టు 2025 అక్టోబర్‌లో ప్రకటించాడు. ఆ తరువాత కొద్ది వారాలకే టానక్ కూడా పూర్తికాలపు పోటీ నుంచి వెనక్కి తగ్గాడు. రోవన్‌పెరా వదిలిన ఖాళీలోకే, 2022 చివర హ్యుందాయ్‌లో చోటు కోల్పోయిన ఆలివర్ సోల్బర్గ్ టయోటా తరఫున వచ్చాడు. దానికి కొన్ని నెలల ముందు, ఎస్తోనియాలో ఒక్క ర్యాలీకని ఇచ్చిన కారుతో అతడు ఆ ర్యాలీనే గెలిచాడు.

ఒక విషయంలో నా మాట అక్షరాలా పాటించు. 2023 ఏప్రిల్‌లో క్రొయేషియా ర్యాలీకి ముందు టెస్టింగ్‌లో జరిగిన ప్రమాదంలో హ్యుందాయ్ డ్రైవర్ క్రెయిగ్ బ్రీన్ మరణించాడు. ఆ జట్టు మిగిలిన రెండు కార్లతో, వాటికి ఐర్లండ్ జెండా రంగులు వేసి, అతని స్మృతిలో ఆ ర్యాలీకి వచ్చింది. అటువంటి వారంలో ఆ సీటు ఎవరికి దక్కుతుందన్న మాట నీ కలం నుంచి రాకూడదు. పాఠకుడు అడిగినా రాకూడదు, సంపాదకుడు అడిగినా రాకూడదు. ఆ మనిషి ఏ దారుల్లో ఎలా నడిపేవాడో రాయి. సీటు గురించి జట్టే మాట్లాడే రోజు వస్తుంది, అంతవరకు ఆగు.

ఇక వాక్యాల సంగతి. విశ్వసనీయ వర్గాల భోగట్టా అని నీ వ్యాసంలో నాలుగైదు చోట్ల ఉంది. ఆ వర్గాలు ఎవరో నీకే తెలియనప్పుడు ఆ మాట పాఠకుడిని మోసగించడమే. జట్టు ప్రకటించినది, డ్రైవర్ తన నోటితో విలేకరులకు చెప్పినది, టెస్టింగ్‌లో కారు నడుపుతూ కనిపించినది, ఇవి వాస్తవాలు. వీటిని బట్టి నీవు చేసే ఊహ వేరు. రెండింటినీ ఒకే వాక్యంలో కలపవద్దు. వాస్తవం చెప్పి వాక్యం ముగించి, ‘దీనిని బట్టి నాకు తోచేది ఇది’ అని మరో వాక్యం మొదలుపెట్టు. ఊహ తప్పిపోయినా అప్పుడు నీ వ్యాసం తప్పిపోదు, ఎందుకంటే ఆ ఊహకు దారితీసిన లెక్కంతా పాఠకుడి ముందే ఉంటుంది. ఊహాగానం తక్కువరకం రచన అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. తెలిసినదేదో, తెలియనిదేదో విడదీసి చూపే ఊహాగానం పాఠకుడికి ఈ క్రీడ ఎలా నడుస్తుందో నేర్పుతుంది, ఫలితాల పట్టిక ఆ పని చేయలేదు.

నీ వ్యాసాన్ని ఈ పద్ధతిలో తిరగరాయడానికి 2027 సీజన్ మంచి అవకాశం. ఆ సీజన్‌తో మొదలయ్యే నిబంధనల్లో కారు ధరకు 3,45,000 యూరోల పరిమితి పెట్టారు. పెద్ద కార్ల కంపెనీలే కాక స్వతంత్ర నిర్మాతలు కూడా కార్లు తయారుచేసి దిగే వీలు కల్పించారు. అంటే గళ్ల సంఖ్యే మారవచ్చు. ఎవరెవరు కార్లు కడతామని అధికారికంగా చెప్పారో, ఏ డ్రైవర్ ఒప్పందం 2026తో ముగుస్తుందో ముందుగా ఒక పట్టిక వేసి, వ్యాసం కన్నా ముందు ఆ పట్టికనే నాకు పంపు.

ఇట్లు,
మీ అన్నయ్య